‘హినేని’కి తెలుగులో ఏమనాలి?

కెనడా గాయకుడు, కవి లియొనార్డ్ కోహెన్ ‘యు వాంట్ ఇట్ డార్కర్’ ఎల్పీ రికార్డు ఈమధ్య కొన్నాను. ఫోన్లో చాలాసార్లు విన్న పాటలే. కానీ రికార్డు మీద ముల్లు పెట్టాక, ఆ సన్నని చిటపట వెనక నుంచి మగవాళ్ల బృందగానం మొదలై, దాని కింద నేలలోంచి వస్తున్నట్టు ఆయన గొంతు వినపడేసరికి చేతిలో పని పక్కన పెట్టేశాను. మొదటి పాటలోనే ‘హినేని, హినేని’ అంటారు. ఆ వెంటనే, నేను సిద్ధం ప్రభూ అంటారు. ఆ ఒక్క మాట గురించే ఈ పోస్టు.

అది హీబ్రూ మాట. ‘హిన్నే’ అంటే ఇదిగో, చివర ఉన్న ‘ని’ అంటే నేను. రెండూ కలిసి ఒకే మాట. ‘ఇక్కడ ఉన్నాను’ అని చోటు చెప్పడానికి హీబ్రూలో వేరే మాటలున్నాయి. ఇది పిలుపుకి జవాబు. ఎందుకు పిలిచారో తెలియకముందే, ఏం అడిగినా సరే అని ఇచ్చే జవాబు.

కోహెన్ ఈ మాట ఏ స్థితిలో అన్నారో కూడా చూడాలి. అప్పటికి ఎనభై దాటాయి. వెన్నెముక దెబ్బతిని స్టూడియోకి వెళ్లలేక, లాస్ ఏంజెలెస్‌లో ఇంట్లోనే కుర్చీలో కూర్చుని పాడారు. కొడుకు ఆడమ్ దగ్గరుండి రికార్డు చేయించాడు. బృందగానం మాంట్రియల్‌లోని షార్ హషోమయిమ్ సినగాగ్‌ (యూదుల ప్రార్థనా మందిరం) వాళ్లది. కోహెన్ తాత, ముత్తాత ఆ సినగాగ్‌కి అధ్యక్షులుగా చేశారు. పాట చివర అక్కడి ప్రార్థనా గాయకుడు గిడియన్ జెలర్‌మాయర్ ఒక్కడే ‘హినేని’ అని రాగం తీస్తాడు. ఆల్బమ్ 2016 అక్టోబరు 21న వచ్చింది. నవంబరు 7న కోహెన్ పోయారు. మనం ‘పైనుంచి పిలుపు వచ్చింది’ అంటాం కదా. ఇక్కడ పిలుపుకంటే ముందే జవాబు సిద్ధంగా ఉంది.

తెలుగులో దీనికి మాట ఏది?

జవాబు: అండీ, ఆ మాట మన చర్చిల్లో చదివే పాత తెలుగు బైబిల్లో ఉంది. దేవుడు అబ్రాహామును పిలిస్తే ‘చిత్తము ప్రభువా’ అంటాడు. పొద మంటలోంచి పిలిస్తే మోషే అనేదీ అదే. మా నాయనమ్మ ఆ వచనాలు చదువుతుంటే చిన్నప్పుడు విన్నాను. ‘చిత్తం’ కంటే మంచి మాట మనకి దొరకదనుకుంటా. మీ చిత్తం ఎలా ఉంటే అలా అనేగా దాని అర్థం.

జవాబు: నాకైతే ‘పలకడం’ గుర్తొచ్చింది. ‘పిలిస్తే పలకవేంరా’ అంటాం. ‘పిలిస్తే పలికే దేవుడు’ అంటాం. రామదాసు ‘పిలిచిన పలుకవేమి’ అని రాముణ్ణి అడిగాడు. మన దగ్గర పిలిచేది మనిషి, పలకాల్సింది దేవుడు. ఈ పాటలో అది తిరగబడింది. కాబట్టి ‘పలుకుతున్నాను’ అంటే ఎలా ఉంటుంది?

ఇద్దరికీ నమస్కారం. ‘పలుకు’ చాలా నచ్చింది, కానీ ‘పలుకుతున్నాను’ అనగానే మాట్లాడుతున్నాను అనే అర్థం ముందుకొస్తుంది. పిలిస్తే జవాబిచ్చే ఆ పలుకు ‘పిలిస్తే’ అనే మాట పక్కన ఉంటేనే బతుకుతుంది.

‘చిత్తం’ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మీరు చెప్పాక ఆ అధ్యాయం తీసి చూశాను. మూలంలో ‘ప్రభువా’ లేదు. తెలుగువాళ్లకి వట్టి ‘చిత్తం’ చాలదనిపించి అనువాదకులు కలిపినట్టున్నారు. విచిత్రం ఏమిటంటే కోహెన్ కూడా తన పాటలో ఆ మాట తర్వాత ప్రభువును తనే చేర్చారు. యెషయా ప్రవక్త గ్రంథంలో ఇదే మాటను ‘చిత్తగించుము నేనున్నాను’ అని రెండుగా విడదీశారు. హిన్నేకి ఒకటి, నికి ఒకటి. ఎంత శ్రద్ధగా చేశారో చూడండి.

అయితే నాకు అడ్డం పడుతున్నది బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో 22వ అధ్యాయం. కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని దేవుడు అబ్రాహామును అడిగే కథ అది. అక్కడ అబ్రాహాము ‘హినేని’ అని మూడుసార్లు అంటాడు. మొదట దేవుడు పిలిచినప్పుడు, చివర దేవదూత పిలిచినప్పుడు. మధ్యలో, బలికి నడిచి వెళుతున్న దారిలో ఇస్సాకు ‘నా తండ్రీ’ అని పిలిచినప్పుడూ అదే మాట. తెలుగులో మొదటిదానికీ చివరిదానికీ ‘చిత్తము ప్రభువా’ అని ఉంటే, కొడుక్కి మాత్రం ‘ఏమి నా కుమారుడా’ అని ఉంది. తప్పు కాదు. మన భాషలో కన్నకొడుకుతో ఎవరూ ‘చిత్తం’ అనరు. కానీ కత్తి పట్టుకున్న తండ్రి దేవుడికీ కొడుక్కీ ఒకే మాట ఇచ్చాడన్న సంగతి తెలుగు చదువరికి తెలియకుండా పోయింది. ఆ కథ బరువంతా అక్కడే ఉందని నా నమ్మకం.

కోహెన్‌కి ఈ కథ కొత్త కాదు. 1969లో వచ్చిన ఆల్బమ్‌లో ఇదే కథను ఇస్సాకు వైపు నుంచి పాడారు. ఆ పాటలో పిల్లవాడికి తొమ్మిదేళ్లు. కోహెన్ తండ్రి పోయినప్పుడు ఆయన వయసూ అంతే. 47 ఏళ్ల తర్వాత, కొడుకు ఎదురుగా కూర్చుని, అబ్రాహాము మాట తన నోటితో అన్నారు. అందుకే కొడుక్కి చెప్పలేని ‘చిత్తం’ ఈ పాటకి చాలదంటున్నాను.

రెండు రోజులు ఆలోచిస్తే నాకు తట్టింది ఇది: ‘ఉన్నాను తండ్రీ’. దేవుణ్ణి తండ్రీ అంటాం. ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఎత్తుకుని ‘ఉన్నాను తండ్రీ, ఇక్కడే ఉన్నాను’ అనీ అంటాం. పైకీ కిందికీ ఒకే పిలుపు మనకి ఇంట్లోనే ఉంది. ఇస్సాకు ‘తండ్రీ’ అని పిలిస్తే అబ్రాహాము ‘ఉన్నాను తండ్రీ’ అనడం తెలుగు చెవికి ఎంత సహజంగా ఉందో ఒక్కసారి పైకి అని చూడండి.