వీధి ఐస్‌క్రీమ్ షాపులో సండే (పైన సిరప్పు, పప్పులు వంటివి వేసి ఇచ్చే ఐస్‌క్రీమ్) ఎలా ఉండాలో ఎవరు నిర్ణయించాలి: తినేవారా, చేసేవారా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం):
విజయవాడలో మేము చాలాకాలంగా వెళ్లే ఒక ఐస్‌క్రీమ్ షాపు ఈ వేసవిలో తన పద్ధతి మార్చుకుంది. ఇదివరకు ఆ కాలంలో దొరికే పండ్లతో చేసిన రెండు మూడు రకాలను కప్పులో పెట్టి ఇచ్చేవారు. ఎంచుకోవడానికి అంతకుమించి ఉండేది కాదు. ఇప్పుడు అద్దాల ఫ్రీజరులో వరుసగా ట్రేలు, పక్కన సిరప్పులు, జీడిపప్పు, టూటీ ఫ్రూటీ, చాక్లెట్ ముక్కలు, బిస్కెట్ పొడి పెట్టి, ఎవరికి నచ్చిన సండేను వారే చెప్పి చేయించుకోవచ్చని బోర్డు రాశారు. మా ఇంటి పిల్లలు సంబరపడుతున్నారు. నాకు మాత్రం ఆ షాపు తన చేతి రుచిని వదులుకుందని అనిపిస్తోంది. ఎంపికనంతా ఇలా కొనేవారికి అప్పగించడం మంచిదేనా? సభ్యులు కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాలమూరు_వాసి:
మంచిది కాదన్నదే నా అభిప్రాయం. హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్టుకు వెళ్లివచ్చినవారికి నా మాట సులువుగా అర్థమవుతుంది. 1935లో కట్టిన ఆ రాతి కట్టడంలో ఫేమస్ ఐస్‌క్రీమ్ వంటి పాత షాపులు పేరు తెచ్చుకున్నది పండ్ల ఐస్‌క్రీములతోనే. సీతాఫలం దిగే రోజుల్లో జనం దానికోసమే అక్కడికి వెళ్తారు. మా పాలమూరు ప్రాంతంలోని బాలానగర్ పేరు మీద సీతాఫలంలో ఒక రకమే ఉంది కనుక ఈ పండు సంగతి నాకు కొంత తెలుసు. గింజ గింజకూ అంటుకున్న గుజ్జును విడదీయడమే పెద్ద పని. విడదీసిన గుజ్జు గాలి తగిలితే త్వరగా నల్లబడుతుంది, వేడి చేస్తే చేదెక్కుతుంది. అందువల్ల పాలు కాచి, బాగా చల్లార్చిన తరువాతే దానిని కలపాలి. అంత జాగ్రత్తగా నిలబెట్టిన పండు వాసన మీద చాక్లెట్ సిరప్ పోయించుకుంటే మిగిలేది సిరప్ రుచి ఒక్కటే. అలా అడిగినవారికి వద్దని చెప్పే హక్కు చేసిన మనిషికి ఉండాలి.

ఇతాకా_తెలుగువాడు:
పాలమూరు_వాసి గారు చెప్పిన శ్రమను కాదనలేను కానీ, ముగింపుతో ఏకీభవించలేను. నేను ఉంటున్నది న్యూయార్క్ రాష్ట్రంలోని ఇతాకా పట్టణంలో. సండే తమ ఊళ్లోనే పుట్టిందని ఇక్కడివారు, కాదు తమ ఊళ్లోనే పుట్టిందని విస్కాన్సిన్ రాష్ట్రంలోని టూ రివర్స్ వారు ఎంతోకాలంగా వాదించుకుంటున్నారు. ఇతాకా కథ ప్రకారం 1892లో ఛెస్టర్ ప్లాట్ అనే మందుల షాపు యజమాని, ఆదివారం ప్రార్థన ముగించుకొని వచ్చిన పాస్టరు గారికి ఐస్‌క్రీమ్ మీద చెర్రీ సిరప్ పోయించి, పైన పాకంలో ఊరిన చెర్రీ పెట్టించి ఇచ్చాడు. ఆ ఏడాది ఏప్రిల్ 5 నాటి స్థానిక పత్రికలో దాని ప్రకటన కూడా వచ్చింది. టూ రివర్స్ కథ 1881 నాటిది: సోడాలో కలిపే చాక్లెట్ సిరప్‌ను తన ఐస్‌క్రీమ్ మీద పోయమని షాపుకు వచ్చిన ఒకాయన అడగ్గా, యజమాని ఎడ్ బెర్నర్స్ పోసి ఇచ్చాడంటారు. ఒక కథలో నిర్ణయం షాపువాడిది, మరొక కథలో తినేవాడిది. అచ్చులో ఉన్న ఆధారం ఇతాకా పక్షానే ఉన్నా, న్యాయం విషయంలో నేను టూ రివర్స్ పక్షాన నిలుస్తాను. డబ్బిచ్చి తినేవారు అడిగినట్టు చేసి ఇవ్వడం ఏ షాపుకూ చిన్నతనం కాదు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
మా చిన్నబాబుకు వేరుశనగ పడదు. ముందే అన్నీ వేసి అలంకరించి తెచ్చే సండేలో ఏముందో మాకు తెలియదు కనుక, కళ్ల ముందు ఒక్కొక్కటి చెప్పి వేయించుకునే పద్ధతి మాకు ఎంతో ఊరట. అయితే ఒక షాపులో పల్లీ పలుకులు కలిసిన ఐస్‌క్రీమ్ తీసిన స్కూపునే నీళ్ల డబ్బాలో ఒకసారి ఆడించి, దానితోనే మా వాడికి వెనిల్లా తీయబోతుంటే గట్టిగా ఆపవలసి వచ్చింది. అలర్జీ కలిగించే పదార్థాల వివరాలను చూపించాలన్న నిబంధన 10 లేదా అంతకుమించి శాఖలున్న పెద్ద సంస్థలను ఉద్దేశించినది. వీధి చివరి షాపు దాని పరిధిలోకి రాదు. అడగవలసింది మనమే. ట్రేల సంఖ్య పెంచే షాపు స్కూపుల సంఖ్య కూడా పెంచాలి, ఒక్కొక్క ట్రేకు ఒక్కొక్కటి ఉంచాలి.

వంటింటి_రసాయనం:
ఇప్పటివరకు దాదాపు అందరూ పైన వేసేవాటి గురించే రాశారు. నా ఆందోళన అడుగున ఉన్నదాని గురించి. మన దేశంలో దేనినైనా ఐస్‌క్రీమ్ అన్న పేరుతో అమ్మాలంటే, దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం అందులో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి, లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగాలి. పాల కొవ్వుకు బదులు వంటనూనెల నుంచి వచ్చిన కొవ్వు వాడితే దానిని ఫ్రోజెన్ డెసర్ట్ అనే పేరుతోనే అమ్మాలి. అది తినకూడనిది కాదు, చట్టవిరుద్ధమూ కాదు. కంపెనీ డబ్బా మీద ఆ పేరు స్పష్టంగా ఉంటుంది. ఆ డబ్బా షాపు లోపలే ఉండిపోయి, సరుకు మాత్రమే అద్దాల ఫ్రీజరులోని ట్రేలోకి వచ్చినప్పుడే చిక్కంతా మొదలవుతుంది. ఉత్త కప్పులో తింటే శ్రద్ధ పెట్టినవారి నాలుకకు తేడా అందుతుంది: పాల కొవ్వు నోటి వేడికి పూర్తిగా కరిగిపోతుంది, గట్టిపరచిన నూనె కొవ్వు కొంతసేపు అంగిలికి పలుచని పొరలా అంటుకొని ఉంటుంది. దాని మీద రెండు సిరప్పులు, గుప్పెడు బిస్కెట్ పొడి పడ్డాక ఆ తేడాను ఎవరూ పట్టలేరు. ఎన్నో ఎంపికలు ఇచ్చినట్టు కనిపించే షాపు, అసలైన ఎంపికను ఇలా కొనేవారికి తెలియకుండానే తీసేసుకోవచ్చు.

అందువల్ల ఇతాకా_తెలుగువాడు గారితో సగం దూరమే నడవగలను. పైన ఏమి వేయాలో తినేవారి ఇష్టం. అడుగున ఉన్నది పాలదా నూనెదా, షాపులో చేసిందా కొని తెచ్చిందా అన్నది ప్రతి ట్రే మీద తెలుగులో రాసి పెట్టడం షాపు బాధ్యత. అడిగితే ఏమీ వేయకుండా ఒక చెంచా రుచి చూపించాలి కూడా.

చేసేవారు వద్దని చెప్పవలసిన సందర్భాలూ ఉన్నాయి. పచ్చి అనాస ముక్కలనే తీసుకోండి. ఆ పండులోని బ్రోమిలైన్ అనే ఎంజైము పాల మాంసకృత్తులను విరగగొడుతుంది, కరుగుతున్న ఐస్‌క్రీములో ముక్కలు నానిన కొద్దీ చేదు తేలుతుంది. అదే అనాసను పాకంలో ఉడికించి వేస్తే ఎంజైము పనిచేయదు కనుక ఆ బెడద ఉండదు. ఈ సంగతి తెలిసిన షాపువారు పచ్చి ముక్కలు వేయనంటే అది పెత్తనం కాదు, పనితనం.

కృష్ణాతీరం:
వంటింటి_రసాయనం గారి టపా చదివాక షాపుకు వెళ్లి యజమానినే అడిగాను. ఆయన ఏమీ దాచలేదు. మామిడి, సపోటా, కొబ్బరి మాత్రమే ఇప్పటికీ వారి చేతి తయారీ; మిగిలిన ట్రేలన్నీ కంపెనీ సరుకు, వాటిలో కొన్ని ఫ్రోజెన్ డెసర్టే. పండ్ల గుజ్జు తీసే పాత పనివారు మానేయడంతో రోజుకు మూడు రకాలకు మించి చేయలేకపోతున్నామని, అద్దె గడవడానికి సండేలు పెట్టామని చెప్పారు. ట్రేల మీద పేర్లు రాయమని కోరాను, ఒప్పుకున్నారు. నాకు బాధగానే ఉంది, కానీ ఆ కారణం విన్నాక తప్పుపట్టలేకపోతున్నాను.

పాలమూరు_వాసి:
అలాగైతే నా మాటను కొంత సవరిస్తాను. కొని తెచ్చిన ట్రేల మీద ఎవరికి ఏది కావాలంటే అది పోసుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. చేతితో చేసిన ఆ మూడింటినీ సండే లెక్కలో కలపకుండా వేరే అరలో పెట్టి, వాటి ధరను విడిగా, అవసరమైతే ఎక్కువగానే రాయమని మీ యజమానికి చెప్పండి. సపోటా తొక్క తీసి, గింజ ఏరి, గుజ్జు చేసిన మనిషి కూలి ఆ ధరలో కనిపించాలి. ఆ కూలి గిట్టుబాటైతే మానేసిన పనివారిలో ఒకరైనా తిరిగి వస్తారు.