భార్య పుట్టినరోజున వండర్‌లా ప్రయాణం: రైడ్లంటే భయపడే భర్త ఆ రోజు ఎలా గడపాలి?

ప్రశ్న (మురళీనగర్ వాసి)

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం మురళీనగర్‌లో ఉంటున్నాం. వచ్చే నెలలో ఒక సోమవారం నాడు మా ఆవిడకు 30 ఏళ్లు నిండుతాయి. పెళ్లయిన ఈ ఐదేళ్లలో ఆమె పుట్టినరోజుకు ఉదయం సింహాచలం వెళ్లి రావడం, సాయంత్రం బీచ్ రోడ్డులో కాసేపు కూర్చుని హోటల్లో భోంచేయడం తప్ప మేము ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. ఈసారి ఏం కావాలని అడిగితే, ఎన్నాళ్లుగానో మనసులో పెట్టుకున్నట్టు, హైదరాబాద్‌లోని వండర్‌లా వినోద పార్కుకు వెళ్దామంది. ఆమె పుట్టి పెరిగింది విజయనగరంలో. పైడితల్లి అమ్మవారి పండుగ రోజుల్లో వాళ్ల నాన్నగారితో కలిసి జెయింట్ వీల్, కొలంబస్ ఎక్కిన సంగతులు ఇప్పటికీ చెబుతూ ఉంటుంది. ఆయన కాలం చేశాక మళ్లీ అలాంటివేవీ ఎక్కలేదట. అందువల్ల ఈ కోరికను నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

చిక్కు నా వైపు ఉంది. నాకు ఎత్తులంటే భయం, అరకు ఘాట్ రోడ్డులో బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. ఈ భయం ఎంత లోతైనదో ఆమెకు పూర్తిగా తెలియదు, ఎందుకంటే ఇన్నాళ్లూ ఏదో ఒక సాకుతో తప్పించుకుంటూ వచ్చాను. పుట్టినరోజు నాడు ఆమెను ఒంటరిగా రైడ్లు ఎక్కించి నేను కింద నిలబడితే అన్యాయం చేసినట్టవుతుందా, లేక పళ్లు బిగించి అన్నిటికీ ఆమెతో పాటు వెళ్లాలా అన్నది నా మొదటి సందేహం. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉదయం దిగి, పార్కు చూసుకుని, అదే రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోవచ్చా అన్నది రెండోది. వెళ్లి వచ్చిన దంపతులు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (గాజువాక గృహిణి)

తమ్ముడూ, మీ ప్రశ్న చదివి నా పెళ్లిరోజు గుర్తుకొచ్చింది. మా ఇంట్లో కథ తిరగబడి ఉంటుంది: మావారికి ఇలాంటివంటే ప్రాణం, నాకు భయం. మూడేళ్ల కిందట మేమిద్దరం ఇలాంటి ఒక పార్కుకు వెళ్లాం. ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక, భయమన్న మాట పైకి చెప్పకుండా, మొదటి గంటలోనే అన్నిటికంటే పెద్ద రైడ్ ఎక్కాను. దిగిన తర్వాత మధ్యాహ్నం మూడు దాకా ఒక బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాను, ఆయన నా పక్కనే నిమ్మరసం సీసా పట్టుకుని కూర్చున్నారు. ఆయన కోసమని నేను చేసిన పని వల్ల ఆయన రోజే పోయింది. ముందే చెప్పి ఉంటే ఆయన హాయిగా ఎక్కేవారు, నేను హాయిగా చూసేదాన్ని. కాబట్టి మీరు ముందు చేయవలసింది టికెట్లు కొనడం కాదు, ఆమెతో ఉన్న మాట చెప్పడం. అది కూడా పార్కు గేటు దగ్గర కాదు, ఇంటి దగ్గరే, కనీసం వారం ముందు.

మరొక సంగతి, బట్టలు. పుట్టినరోజు కదా అని మీ ఆవిడ కొత్త చీర కట్టుకోవాలనుకుంటే పొద్దున గుడికి కట్టుకోమనండి, పార్కుకు వద్దు. చీర కొంగు, చున్నీ వంటివి రైడ్లలో ప్రమాదకరం. నీటి రైడ్లకు నూలు బట్టలతో రానివ్వరు, నైలాన్ బట్టలే ఉండాలి. అక్కడ కొనుక్కోవచ్చు గానీ, ఇక్కడి నుంచే ఒక జత తీసుకెళ్తే కొలత సరిపోతుందా లేదా అన్న బెంగ ఉండదు. గాజులు, పొడవాటి గొలుసులు, పట్టీలు ఇంట్లోనే పెట్టి వెళ్లడం మంచిది. నల్లపూసలు తీయడం ఇష్టం లేకపోతే పొట్టివి వేసుకుని లోపలికి దోపుకోమనండి.

సోమవారం పడటం మీ అదృష్టం. బడులకు సెలవులు లేని సోమవారమైతే వరుసల్లో నిలబడే సమయం బాగా తగ్గుతుంది. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో మాత్రం వారంలో ఏ రోజైనా ఆదివారంలాగే ఉంటుంది.

సమాధానం 2 (పెదవాల్తేరు నుంచి)

అంత దూరం ఎందుకండీ? మన ఊళ్లోనే కైలాసగిరి మీద రోప్‌వే, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు, కింద బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉన్నాయి. పొద్దున జూ, మధ్యాహ్నం జలాంతర్గామి, సాయంత్రం కైలాసగిరి చూసి రుషికొండలో భోజనం చేస్తే ప్రయాణపు బడలిక లేకుండా రోజు నిండుగా గడుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కొండ మీది చెట్లు కూలి, జూ పార్కు నేలమట్టమై, ఇక ఈ ఊరు మళ్లీ పచ్చబడుతుందా అని ఏడ్చినవాళ్లలో నేనూ ఒకడిని. అందుకే మనవాళ్లు మన చోట్లు చూడాలని నాకు అనిపిస్తుంది.

సమాధానం 3 (విశ్రాంత రైల్వే ఉద్యోగి)

పెదవాల్తేరు మిత్రులు చెప్పిన ప్రణాళిక మరో రోజుకైతే చక్కగా ఉంటుంది. కానీ జలాంతర్గామి ప్రదర్శనశాలకూ జూకూ సోమవారమే సెలవు, పుట్టినరోజు సోమవారం. పైగా ఆ అమ్మాయి అడిగింది చూడదగిన చోట్లను కాదు, రైడ్లను. అడిగింది ఇవ్వడంలో ఉన్న తృప్తి వేరు.

ఇక ప్రయాణం సంగతి. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరి 1న మొదలైంది, నా ఉద్యోగ జీవితమంతా దానితోనే గడిచింది, కాబట్టి కొంత అభిమానంతోనే చెబుతున్నాను: వెళ్లడానికి దానికి మించినది లేదు. సాయంత్రం ఐదు దాటాక విశాఖలో బయలుదేరి, సుమారు 700 కిలోమీటర్లు నడిచి, తెల్లవారేసరికి హైదరాబాద్ చేరుస్తుంది. చాలామంది పొరబడేది తిరుగు ప్రయాణంలో. అటునుంచి కూడా గోదావరి సాయంత్రం ఐదు ప్రాంతంలోనే బయలుదేరుతుంది. అంటే దాన్ని అందుకోవాలంటే మీరు పార్కు నుంచి మధ్యాహ్నం రెండున్నరకే బయటపడాలి. నీటి రైడ్లు అప్పుడప్పుడే ఊపందుకునే వేళ అది. రాత్రి పొద్దుపోయాక బయలుదేరే రైళ్లు వేరే ఉన్నాయి గానీ, పార్కు ఉన్న రావిర్యాల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నగరానికి దక్షిణపు అంచున ఉంటుంది, అక్కడి నుంచి సాయంత్రపు రద్దీలో స్టేషనుకు చేరడం గడియారంతో పోటీపడటమే. పుట్టినరోజు నాడు ఆ పరుగు వద్దు.

నా సలహా ఇది. ఆదివారం సాయంత్రం గోదావరి ఎక్కండి, సోమవారం ఉదయం గది తీసుకుని స్నానం, ఫలహారం కానిచ్చి పార్కుకు వెళ్లండి, ఆ రాత్రి అక్కడే నిద్రపోయి మంగళవారం సాయంత్రం గోదావరిలో తిరిగి రండి. రెండు రోజుల సెలవు ఖర్చవుతుంది, అయినా రోజు మొత్తం మీ చేతిలో ఉంటుంది. సెలవు దొరకకపోతే విమానం చూడండి, గంటంబావు ప్రయాణం, శంషాబాద్ విమానాశ్రయం నుంచి రావిర్యాల దగ్గర. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది కాబట్టి వచ్చే నెల ప్రయాణానికి ఇప్పుడే తీసుకోవాలి, ఆలస్యం చేస్తే వెయిటింగ్ లిస్టే. టికెట్టు మీద స్టేషను పేరు జాగ్రత్తగా చదవండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైన తర్వాత అన్ని రైళ్లూ సికింద్రాబాద్‌కే వస్తాయనుకోవడానికి లేదు.

సమాధానం 4 (ఒకప్పటి రైడ్ ఆపరేటర్, ఇప్పుడు మధురవాడ)

నేను ఒక పార్కులో నాలుగేళ్లు రైడ్ ఆపరేటర్‌గా పనిచేశాను, ఏ పార్కు అన్నది ఇక్కడ అవసరం లేదు. రోజుకు కొన్ని వందల జంటలను చూసేవాణ్ని. ఒకరు ఎక్కడం, ఒకరు కింద చెప్పులూ సంచీ పట్టుకుని నిలబడటం ఎంత మామూలు విషయమో మీకు చెప్పాలనిపిస్తోంది. పైనుంచి దిగి వచ్చినవాళ్లు మొదట వెతికేది కింద నిలబడ్డ మనిషినే. ఫోను చూసుకుంటూ ఎక్కడో కూర్చోకుండా, దిగే ద్వారం దగ్గర కనబడేలా ఉండండి. అది అన్యాయం కాదు.

భయం, కడుపులో తిప్పడం రెండూ వేర్వేరు సంగతులు, వాటికి మందు కూడా వేరు. ఘాట్ రోడ్డులో వాంతులు రావడానికి కారణం మన చెవి లోపలి భాగం ఒంటి కదలికను ఒకలా చెబుతుంటే కళ్లు మరోలా చెప్పడం. అందువల్ల తలకిందులు చేసేవి, గిరగిరా తిప్పేవి మాత్రమే కాక, పెద్ద తెర ముందు కూర్చోబెట్టి ఎగురుతున్నట్టు భ్రమ కలిగించేవి కూడా మీకు ఇబ్బంది పెట్టవచ్చు. అలాంటి చోట తిప్పడం మొదలైతే తెర మీద నుంచి చూపు తిప్పుకోండి లేదా కళ్లు మూసుకోండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు బయలుదేరడానికి అరగంటో గంటో ముందు వేసుకుంటేనే పనిచేస్తాయి, వాటితో మగత వస్తుంది, కాబట్టి మీ డాక్టరును అడిగే వాడండి. పొద్దున రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, పూరీలూ మంచివి కావు.

వండర్‌లాలోని రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ గురించి మీ ఆవిడ విని ఉంటారు. ఆ రకం కోస్టర్‌లో రైలును మొదట వెనక్కి, పైకి లాగి వదులుతారు. అది వలయాలు తిరిగి అవతలి కొసకు ఎక్కి, వచ్చిన దారినే మళ్లీ వెనక్కి పరుగెడుతుంది. మీకు అది వద్దు, పంతానికి పోవద్దు. ఊగే ఓడ, అంటే మన ఎగ్జిబిషన్లలో కొలంబస్ అనేది, ఎక్కడైనా ఎక్కాలనిపిస్తే సరిగ్గా మధ్య వరుసలో కూర్చోండి. రెండు కొసలూ ఎంత ఎత్తుకు లేస్తాయో అందులో కొంత భాగమే మధ్యకు చేరుతుంది, దాన్ని మేము కొత్తవాళ్ల వరుస అనేవాళ్లం. అడ్డుకడ్డీ మూశాక ఆపరేటర్ ఒక్కొక్కటీ లాగి చూస్తాడు, అప్పటికీ మనసు ఒప్పకపోతే చెయ్యి ఎత్తి చెప్పండి. రైడ్ కదలక ముందు దింపమని అడిగినవాళ్లను దింపడం మా పనిలో భాగం, అందులో సిగ్గుపడటానికేమీ లేదు. నడుము నొప్పి, గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం ఎంత ధైర్యం ఉన్నా పెద్ద రైడ్లు ఎక్కకూడదు.

వెళ్లే ముందు ఒక సాయంత్రం మీరిద్దరూ కైలాసగిరి రోప్‌వే ఎక్కండి. గాజువాక అక్కగారు చెప్పమన్న మాట అక్కడే చెప్పవచ్చు.

ప్రశ్న అడిగినవారి మాట (నెలన్నర తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మీ అందరి మాటా విని వెళ్లి వచ్చాం. బయలుదేరడానికి పది రోజుల ముందు కైలాసగిరి రోప్‌వేలో, తొట్టి సగం దారిలో ఉండగా, నా అరచేతులు తడిసిపోయిన సంగతి ఆమెకు చూపించి ఉన్న మాట చెప్పాను. నా మీద కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. "ఐదేళ్ల నుంచి నేను ఏది ఎక్కుదామన్నా ఏదో ఒక పని ఉందనేవారు, నాతో రావడం ఇష్టం లేదేమో అనుకున్నాను" అంది. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. నేను దాచింది నా భయాన్ని అనుకున్నాను, ఆమె దాన్ని మరోలా అర్థం చేసుకుంటూ వచ్చింది.

పార్కులో రోజు ఇలా గడిచింది. తెరిచే వేళకే గేటు దగ్గర ఉన్నాం. ఎండ ముదరక ముందే పెద్ద రైడ్లన్నీ ఆమె వరుసగా ఎక్కేసింది, నేను ప్రతి దాని దగ్గరా దిగే ద్వారం ఎదురుగా నిలబడ్డాను. రీకాయిల్ రెండుసార్లు ఎక్కింది. మొదటిసారి దిగి వచ్చి, నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, వాళ్ల నాన్నగారు జెయింట్ వీల్ పైన తన చెప్పులు జారిపోకుండా ఒళ్లో పెట్టుకునేవారని చెప్పింది. అప్పుడు నా చేతిలో ఉన్నవి కూడా ఆమె చెప్పులే. రెండోసారి మళ్లీ వెళ్తానని నాకేసి అడుగుతున్నట్టు చూస్తే, వరుస చిన్నగా ఉంది, వెళ్లమన్నాను.

మధ్యాహ్నం నుంచి నీటి రైడ్లలో ఇద్దరం కలిసే ఉన్నాం. అలల కొలను, మెల్లగా తేలుతూ పోయే నీటి కాలువ, రెయిన్ డిస్కో నాకు ఏ ఇబ్బందీ కలిగించలేదు. సముద్రం పక్కన ఉండేవాళ్లం కాబట్టి అలల కొలను ఏపాటిదిలే అనుకున్నాను గానీ, కెరటానికి కాళ్ల కింద ఇసుక జారిపోదు కాబట్టి నిలబడటం సులువుగా ఉంది. ఒక్క పొరపాటు నాది: తెర ముందు ఎగిరించే రైడ్ తేలికనుకుని, ఆపరేటర్ గారు చెప్పినా వినకుండా ఎక్కాను. కాసేపటికే కళ్లు మూసుకోవలసి వచ్చింది, తర్వాత అరగంట నీడలో కూర్చున్నాను. ఈసారి దాచకుండా చెప్పాను, ఆమె నా పక్కనే కూర్చుని తెచ్చుకున్న అల్లం మురబ్బా ఇచ్చింది.

రైల్వే పెద్దాయన చెప్పినట్టు రాత్రి అక్కడే ఉండటం ఎంత మంచిదైందో సాయంత్రం పార్కు బయటి రద్దీ చూశాక తెలిసింది. పెదవాల్తేరు గారూ, జలాంతర్గామి, జూ వచ్చే ఆదివారం చూడబోతున్నాం, మా అత్తగారిని కూడా విజయనగరం నుంచి రమ్మన్నాం. ఇకపై వెళ్లేవారికి నా నుంచి ఒక్కటే అదనపు సూచన: తడిసిన నైలాన్ బట్టలకు రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు తప్పక పెట్టుకోండి. మేము ఒక్కటే తీసుకెళ్లాం, అది చిరిగి మంగళవారం గోదావరిలో మా సంచీ అంతా తడిసింది.