టల్లహాచీ ఒడ్డు పలక: తూట్లు పడ్డదే ఉంచాలా, తూటా దిగనిది పెట్టాలా?

రేగడినేల:
మిస్సిసిప్పి రాష్ట్రం, టల్లహాచీ కౌంటీ. 1955 ఆగస్టులో షికాగో నుంచి బంధువుల ఇంటికొచ్చిన 14 ఏళ్ల నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్‌ను చంపి, మెడకు పత్తి జిన్ను ఫ్యాను ముళ్లతీగతో కట్టి నదిలో పడేశారు. సమ్నర్ కోర్టులో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ 67 నిమిషాల్లో నిందితుల్ని వదిలేసింది. శవం తీసింది గ్రాబాల్ లాండింగ్ రేవు దగ్గరేనని నమ్ముతారు. అక్కడ 2008లో పెట్టిన స్మారక పలకను ఎత్తుకుపోయి నదిలో పడేశారు. రెండోది తూట్లమయమైంది. 2018లో పెట్టిన మూడోదాన్ని 35 రోజులకే తుపాకీతో కాల్చారు. 2019 అక్టోబరులో వచ్చిన నాలుగోది 500 పౌండ్లకు పైబడిన, తూటా దిగని ఉక్కు. నన్నడిగితే మూడోదాన్నే ఉంచాల్సింది. ఆ తూట్లు కూడా చరిత్రే కదా.

పోతపని:
తూట్లు చరిత్రేనండీ, కానీ అక్షరం చదవగలిగినంత వరకే. రేకుకు చిల్లు పడితే అంచు దగ్గర పెయింటో స్టికరో లేస్తుంది, అందులోకి నీరు దిగుతుంది, ఎండకు పొర ఊడిపోతుంది. పక్క లెఫ్లోర్ కౌంటీలో, మనీ అనే ఊళ్లో ఈ కేసుతోనే ముడిపడ్డ కొట్టు దగ్గరి పలక చూడండి. 2017లో దానిమీద దుండగులు గీకి, పీకేసింది ఫొటోలున్న వినైల్ పొరనే. పోత అల్యూమినియం అక్షరాలను చేత్తో పీకలేరు. తుప్పూ పట్టదు, రంగు వెలిస్తే మళ్లీ వేసుకోవచ్చు. తూటాకు మాత్రం అదీ ఆగదు.

బోల్టునట్టు:
ఉక్కు పెట్టినంత మాత్రాన అయిపోదు. ఇలాంటి పనికి చాందమారిలో గురిపలకలకు వాడే ఏఆర్500 రకం కావాలి, గట్టిదనం బ్రినెల్ కొలతలో 500 ప్రాంతం. దాన్ని వెల్డింగ్ చేస్తే వేడి తగిలినంత మేరా మెత్తబడుతుంది, తూటా అక్కడే దిగుతుంది. అందుకే రంధ్రాలు నీటిధారతో కోయించి బోల్టులతో బిగించాలి. ఇంకో చిక్కు: గట్టి ఉక్కుకు తగిలిన తూటా పగిలి, సీసం ముక్కలు పలక వెంబడే పక్కలకు చిమ్ముతాయి. పలక పైభాగం కాస్త ముందుకు వంచితే అవి నేలకు పోతాయి. చాలామంది ఇది మరిచి నిటారుగా నిలబెడతారు.

పునాది సంగతి. డెల్టా బంకమట్టి మన నల్లరేగడిలాగే తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. లోతు లేని దిమ్మె రెండు వానాకాలాలకే ఒరుగుతుంది. ఇంత బరువు హైవే అంచున పెట్టడానికీ లేదు, అక్కడి స్తంభాలు కారు గుద్దితే విరిగేలా ఉండాలి. రేవు కంకర దారిలో లోపలికి ఉంది కాబట్టి సరిపోయింది.

రేగడినేల:
లెక్క ఒప్పుకుంటా. కానీ నది దాకా వచ్చినవాడికి కనిపించేది గీత పడని పలక. తూట్లు పడ్డ ఆ రెండోదాన్నేమో 2021లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. కాల్చిన ఊళ్లో దాని ఆనవాలేది?

పోతపని:
పలక మీదే ఉంది. ముందటివి దొంగిలించడం, నదిలో పడేయడం, కాల్చడం, అన్నీ దాని రాతలోనే చెప్పారు.

బోల్టునట్టు:
కాపలా ఉక్కు ఒక్కదానిదే కాదు లెండి. 2019 నవంబరులో తెల్లజాతి దురహంకారుల గుంపొకటి జెండాతో వచ్చి అక్కడ వీడియో తీస్తుంటే అలారం మోగింది, పరిగెత్తారు. కెమెరా, సైరనుకు అయ్యే ఖర్చు పలక అంచనాలోనే కలపాలి.