కోర్ట్ మార్షల్‌లో ఆర్మీ ఇచ్చిన ఆఫీసరు మా తమ్ముడి వైపు నిలబడతారా?

పలమనేరు అక్క: మా తమ్ముడు సిపాయి. స్టోర్ సామాను తగ్గిందని డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్ (ఆర్మీ సొంత కోర్టు విచారణ) పెడుతున్నారు. వాడి తరఫున వాదించడానికి అదే యూనిట్ మేజర్ గారిని ఇచ్చారు. ఆయన ప్రమోషన్ రిపోర్టు రాసేది వాడిమీద కేసు పెట్టిన సీఓనే (యూనిట్ కమాండింగ్ ఆఫీసరే)! ఎట్లా నమ్మేది? అమ్మ సరిగా అన్నం తినడం లేదు. పొలం కుదువపెట్టి బయట లాయరును పెట్టాలా?

రిటైర్డ్ సుబేదార్, తిరుపతి: టెన్షన్ పడొద్దమ్మా. పైవాళ్లకు ఎదురునిలిచి జవాను కోసం కొట్లాడిన డిఫెండింగ్ ఆఫీసర్లను (నిందితుడి తరఫున వాదించే ఆఫీసర్లను) చూశాను. కానీ డిఫెండింగ్ ఆఫీసరు లా చదివి ఉండాలన్న నియమం లేదు. నాకు అదే బెంగ. 1954 ఆర్మీ రూల్స్‌లో 95వది చూడండి, తనకు కావలసిన ఆఫీసరును తమ్ముడు అడగొచ్చు. వేరే యూనిట్ ఆయన్ను రాతపూర్వకంగా అడగమనండి.

చిత్తూరు లాయరు: సివిల్ లాయరుకూ అనుమతి అడగొచ్చు. పొలం జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు చార్జిషీటు, సాక్ష్యాల సారాంశం కాపీలు తెప్పించండి. మామూలుగా విచారణకు కనీసం 96 గంటల ముందు ఇవ్వాలి. శిక్ష పడినా అప్పీలుకు చెన్నైలో సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచి ఉంది.

పలమనేరు అక్క: రాత్రి ఫోన్ చేస్తాడు సార్, అర్జీ రాయమని చెబుతాను.