ఎయిర్ చీఫ్ మార్షల్ లతీఫ్ గారితో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పుట్టి, 1978లో భారత వైమానిక దళాధిపతి అయిన ఇద్రీస్ హసన్ లతీఫ్ గారి గురించి ఇంటర్ పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. పదవుల వివరాలు తేలిగ్గానే దొరికాయి. 1981లో రిటైరయ్యాక మహారాష్ట్ర గవర్నర్, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో రాయబారి. జాగ్వార్ విమానాలు మన దళంలో చేరింది కూడా ఆయన హయాంలోనే.

నాకు ఎక్కువ ఆసక్తి అంతకుముందు కాలం మీద. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు వెంజెన్స్ డైవ్ బాంబర్లు (ఎత్తు నుంచి ఏటవాలుగా కిందికి దూసుకొచ్చి బాంబులు వేసే విమానాలు) నడిపారు. 1947లో దళం రెండుగా చీలినప్పుడు, తోటి అధికారులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్‌కు రమ్మన్నా ఆయన ఇక్కడే ఉండిపోయారు. అప్పటికి పాతికేళ్లు కూడా లేవు!

ఆనాటి స్క్వాడ్రన్ (వైమానిక దళంలోని ఒక విభాగం) డైరీలు చూడాలంటే ఎవరికి అర్జీ పెట్టుకోవాలి? మామూలు మనుషులకు చూపిస్తారా? 1978-81 మధ్య ఆయన కింద పనిచేసినవాళ్లు మీ ఇంట్లోగానీ, మీకు తెలిసినవాళ్లలోగానీ ఉంటే ఒక పావుగంట ఫోన్‌లో మాట్లాడించగలరా? తెలుగైనా, ఉర్దూ అయినా ఫర్వాలేదు. పొగడ్తలు నా దగ్గర చాలానే పోగయ్యాయి. ఆఫీసులో ఎలా ఉండేవారు, కోపమొస్తే ఏమనేవారు, అలాంటివి కావాలి.