రిపోర్టులో "నరాల రకం కాదు" అని వస్తే క్లాసులు మొదలుపెట్టొచ్చా?

పాతలాయం:
ఊరి శివార్లలో ఒక రైడింగ్ స్కూల్లో 11 గుర్రాలు చూసుకుంటున్నా. ఒక ఆడగుర్రానికి 103 జ్వరం వస్తే టెస్టు చేయించాం. ఈహెచ్‌వీ-1 ఉందట, అంటే గుర్రాల హెర్పిస్ వైరస్. కాకపోతే "నరాల జబ్బు తెచ్చే రకం కాదు" అని రాశారు. మా ఓనరు ఆ కాగితం పట్టుకుని ఆదివారం పిల్లల క్లాసులు పెట్టేద్దామంటున్నారు. జ్వరం తగ్గి రెండు రోజులే అయింది. నాకు మనసొప్పడం లేదు.

లెక్కలబాబు:
ఓనరు అన్నదాంట్లో తప్పేముంది? రిపోర్టును నమ్మనప్పుడు టెస్టుకు డబ్బులెందుకు పోశారు? ఈ వైరస్ చాలా గుర్రాల ఒంట్లో ఎలాగూ నిద్రపోతూనే ఉంటుంది. జ్వరం వచ్చినప్పుడల్లా మూడు వారాలు తాళం వేస్తే దాణా ఖర్చు ఎవరిస్తారు?

డాక్టరమ్మ:
రిపోర్టు అబద్ధం చెప్పలేదు, మీరు దాన్ని చదివే తీరులోనే తేడా ఉంది. వైరస్ తన కాపీలు తీసుకునే ఎంజైమ్‌లో 752వ స్థానంలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌లో ఒక ముక్క) బదులు ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే "నరాల రకం" అంటున్నారు. మారింది ఆ ఒక్క అక్షరమే. ఆ మార్పు ఉన్నది రక్తంలో ఎక్కువగా పెరుగుతుంది, నరాల కేసుల్లో ఎక్కువగా కనబడుతుంది. అంతవరకు నిజమే. కానీ మార్పు లేని వైరస్‌తో కూడా గుర్రాలు పడిపోయాయి.

అసలు దెబ్బ రక్తనాళాల్లో. తెల్ల రక్తకణాలెక్కి వెన్నుపాము దాకా వెళ్లి, అక్కడి నాళాల లోపలి పొరను పాడుచేస్తుంది. రక్తం గడ్డకడుతుంది, నరాలకు సరఫరా ఆగుతుంది. వెనక కాళ్లు తూలడం, తోక వాలిపోవడం, మూత్రం చుక్కలుగా కారడం అందుకే. ఇదంతా చాలాసార్లు జ్వరం తగ్గాకే మొదలవుతుంది. రెండు రోజులంటున్నారు కదా, అదే నాకు టెన్షన్.

లెక్కలబాబు:
మా దగ్గర అన్నిటికీ టీకాలు వేయించాం మేడమ్.

డాక్టరమ్మ:
మంచిదే, వైరస్ బయటకు చిమ్మడం తగ్గుతుంది. నరాల జబ్బును ఆపుతానని మాత్రం ఏ టీకా హామీ ఇవ్వదు బాబూ.

పాతలాయం:
2021లో స్పెయిన్‌లోని వాలెన్సియా జంపింగ్ పోటీల సంగతి తెలుసు కదా? అక్కడ ఇదే జబ్బు బయటపడేలోపే కొన్ని గుర్రాలు లారీలెక్కి వేరే దేశాలకు వెళ్లిపోయాయి. దానివల్ల మొత్తం 18 గుర్రాలు పోయాయి. యూరప్ ప్రధాన భూభాగంలో అంతర్జాతీయ పోటీలన్నీ ఏప్రిల్ 11 దాకా ఆపేశారు. లాయానికి తాళం వేయడం ఖర్చే, కానీ అప్పుడు వేయకపోవడం ఇంకా ఖర్చయింది.

లెక్కలబాబు:
అది వందల గుర్రాల మేళా అన్నా, మీది 11 గుర్రాల లాయం. పోల్చకండి. సరే, ఆ ఒక్కదాన్నీ విడిగా కట్టేసి మిగతావాటితో క్లాసులు నడిపితే?

డాక్టరమ్మ:
బకెట్లు, బ్రష్‌లు, పని కుర్రాడు వేరుగా ఉన్నారా? ఒకే కుర్రాడైతే జబ్బు గుర్రం దగ్గరకు చివర్లో వెళ్లాలి. అన్నిటికీ పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టి పుస్తకంలో రాయండి. 101.5 దాటితే వెంటనే చెప్పండి.

పాతలాయం:
పొద్దున తోక పట్టి ఎత్తి చూశా, బిగువుగానే ఉంది. గడ్డి మీద మూత్రం చుక్కలు లేవు. కానీ పక్క అరలో గోధుమరంగు గుర్రానికి 102.2 వచ్చింది, దానికీ ఆ ఆడగుర్రం బకెట్టే వాడాం. పుస్తకం ఓనరు ముందు పెట్టాను. ఆదివారం క్లాసులు లేవు.

లెక్కలబాబు:
సరే అన్నా. ఫీజులు వెనక్కిచ్చేది మాత్రం మీ ఓనరు కాదు, రాసి పెట్టుకోండి.