చామంతి ముద్ర చెరిగిన అరిసాకా రైఫిలు: తిరిగి చెక్కించాలా, అలాగే ఉంచాలా?

మిల్వాకీ_రవి:

అందరికీ నమస్కారం. నా భార్య పుట్టింటివారిది విస్కాన్సిన్. మా మామగారు కిందటి శీతకాలంలో కాలం చేశాక, ఆయన తండ్రి రెండవ ప్రపంచ యుద్ధం నుంచి తెచ్చుకున్న అరిసాకా అనే జపాను సైనిక రైఫిలు వీలునామా ప్రకారం నా భార్యకు వచ్చింది. పెద్దాయన 32వ పదాతి డివిజన్‌లో పనిచేశారు. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ కొండల్లో శత్రు సైనికుడి చేతిలోంచి లాక్కున్న తుపాకీ ఇదని ఇంట్లో అందరూ చెప్పుకుంటూ వచ్చారు.

గొట్టం మొదట్లో, రిసీవరు (బోల్టు కదిలే ఉక్కు గూడు) పైన నిలువుగా మూడు అక్షరాలున్నాయి. వాటిలో పై రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయి. ఆ అక్షరాల పైభాగాన జపాను చక్రవర్తి చిహ్నమైన చామంతి పువ్వు ఉండవలసిన చోట ఆకురాయి గీతలతో నిండిన చదునైన మచ్చ ఉంది. దాని అంచున రెండు రేకుల కొసలు మాత్రం మిగిలాయి. ఎడమ పక్కన చిన్న వలయంలో ఒక జపాను అక్షరం, తరువాత 48317 అనే అంకె, ఆ తరువాత పెనవేసుకున్న నాలుగు వలయాల గుర్తు ఉన్నాయి. బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే కడ్డీ) మీద 317 అని ఉంది. రైఫిలుతో పాటు ఒక కవరులో 1945 నవంబరు తేదీతో, ఆయన ఈ యుద్ధ జ్ఞాపికను ఇంటికి తీసుకువెళ్ళవచ్చని అధికారి సంతకంతో టైపు చేసిన ధ్రువపత్రం కూడా దొరికింది.

ఊళ్ళోని ఒక వ్యాపారి చూసి, పువ్వు చెరిగిపోయింది కనుక దీనికి పెద్దగా ధర రాదని, తనకు అప్పగిస్తే చామంతిని తిరిగి చెక్కించి, కర్రకు మెరుగు పెట్టించి దాదాపు రెట్టింపు ధరకు అమ్మిపెడతానని చెప్పాడు. మా బావమరిది సరేనంటున్నాడు. నా భార్యకు మనసొప్పడం లేదు. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

ఆయుధశాల_చదువరి:

రవి గారూ, ఫొటోలు శ్రద్ధగా చూశాను. పై రెండు అక్షరాలూ ఒకేలా ఉన్నాయంటే అది 'తొంభై తొమ్మిదవ నమూనా'. మొదటి అక్షరం మూడు అడ్డగీతలై ఉంటే అది 'ముప్పై ఎనిమిదవ నమూనా' అయ్యేది. జపాను అక్షరం ఒక్కటి కూడా రానివారు సైతం ఈ రెండింటినీ ఇలా వేరుచేసి గుర్తుపట్టవచ్చు. ముప్పై ఎనిమిదవది మెయిజీ చక్రవర్తి పాలనలో 38వ ఏడు, అంటే 1905లో వచ్చింది. దాని తూటా 6.5 మిల్లీమీటర్లది. తొంభై తొమ్మిదవది జపాను సామ్రాజ్య శకం 2599లో, అంటే 1939లో ఆమోదం పొందింది; దాని తూటా 7.7 మిల్లీమీటర్లది. మీ రైఫిలు మొత్తం పొడవు సుమారు 112 సెంటీమీటర్లు ఉండాలి. కొలిచి చూడండి.

నాలుగు వలయాల గుర్తు కొకురా ఆయుధ కర్మాగారానిది. అది మొదట టోక్యోలోని కొయిషికావా కర్మాగారం గుర్తు. 1923 భూకంపంలో అక్కడి కర్మాగారం దెబ్బతిన్నాక తయారీ పని క్యూషూ ద్వీపంలోని కొకురాకు తరలింది, గుర్తు కూడా వెంట వెళ్ళింది. 1945 ఆగస్టు 9న రెండవ అణుబాంబుకు మొదటి లక్ష్యం ఈ కొకురా కర్మాగారమే. మబ్బు, పొగ కమ్మి లక్ష్యం కనిపించక విమానం నాగసాకి వైపు మళ్ళింది. మీ ఇంట్లో ఉన్న వస్తువు పుట్టిన చోటు అది.

వలయంలోని అక్షరం శ్రేణిని తెలుపుతుంది. అంకెలు 99,999 దాకా వెళ్ళాక మళ్ళీ మొదటినుంచి మొదలవుతాయి కనుక, ఏ వరుసలోదో తెలియడానికి 'ఇరోహా' అనే పాత జపాను అక్షరక్రమంలో ఒక్కో శ్రేణికి ఒక్కో అక్షరం కేటాయించారు. మీ ఫొటోలో ఉన్నది ఆ క్రమంలో 21వదైన 'న'. తొంభై తొమ్మిదవ నమూనాలో కొకురాకు 20వ శ్రేణి నుంచి కేటాయించారు కనుక మీది ఆ కర్మాగారపు తొలి రైఫిళ్ళలోనే చేరుతుంది. యుద్ధం చివరలో ఉక్కు, సమయం రెండూ కరవై తయారైన రైఫిళ్ళలో మడమకు (భుజానికి ఆనించే వెనుక కర్ర భాగానికి) ఉక్కు పలకకు బదులు చెక్క ముక్క మేకులతో బిగించి ఉంటుంది, వెనుక గురి అమరిక కదలకుండా ఒకే రంధ్రంతో ఉంటుంది. మీ దానికి గురి పట్టీ పైకి లేస్తోంది, దాని పక్కన విమానాలకు గురిపెట్టే రెక్కలు కూడా మిగిలి ఉన్నాయి. ఆ రెక్కలు చాలావాటికి విరిగిపోయి ఉంటాయి. ముందువైపు ఒంటికాలి ఊతకడ్డీ లేదు, బోల్టు మీది దుమ్ము రేకు లేదు. ఆ రేకు చప్పుడు చేస్తుందని సైనికులే తీసి పారేసేవారని అంటారు.

ఒక ముఖ్యమైన మాట. మీ బావమరిది గారు 'మడమ పగిలి అతికించారు' అని చూపించిన పొడవాటి గీత పగులు కాదు. కర్ర ఆదా కావడానికీ, తేమకు మెలితిరగకుండా ఉండడానికీ అరిసాకా మడమను రెండు ముక్కలుగా కోసి గాడిలో కూర్చి అతికించేవారు. ఆ గీత లేని మడమను చూస్తేనే అనుమానించాలి.

డాలస్_సేకర్త:

గుర్తింపు విషయంలో నాకు భేదాభిప్రాయం లేదు. విలువ విషయంలో మాత్రం వ్యాపారి చెప్పినదానిని ఊరికే కొట్టిపారేయకూడదు. ఒకే కర్మాగారం, ఒకే శ్రేణి, ఒకే స్థితిలో ఉన్న రెండు రైఫిళ్ళను పక్కపక్కన వేలానికి పెడితే, చామంతి చెక్కుచెదరనిదానికి స్పష్టంగా ఎక్కువ వస్తుంది. ఇది అందరూ ఎరిగినదే. పదహారు రేకుల ఆ ముద్ర చక్రవర్తిది. దాన్ని చెరిపిన చేయి ఆ వస్తువుకు చేసింది అపకారమే. విరిగిన విగ్రహానికి చేయి అతికించినట్లే, చెరిగిన ముద్రను తిరిగి చెక్కి, 'తిరిగి చెక్కినది' అని అమ్మకం కాగితంలో రాసి ఇస్తే అందులో మోసం ఎక్కడుంది? సొత్తు రవి గారి భార్యది. ఆమె బాగు చేయించుకుంటే తప్పుపట్టే హక్కు మనకు లేదు.

శారద_కె:

సేకర్త గారూ, మీరు మొదటి కొనుగోలుదారు గురించి మాట్లాడుతున్నారు, నేను మూడవవాడి గురించి అడుగుతున్నాను. మొదటివాడికి మీరిచ్చిన కాగితం రెండవవాడి సొరుగులో ఉండిపోతుంది, మూడవవాడికి పువ్వు మాత్రమే కనిపిస్తుంది. ఉక్కు మీద చెక్కింది పోదు, కాగితం పోతుంది.

అంతకన్నా పెద్ద విషయం మరొకటి ఉంది, దానిని ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు. రవి గారి దగ్గర 1945 నవంబరు తేదీతో ధ్రువపత్రం ఉంది. 32వ డివిజన్ లూజాన్‌లో విల్లా వెర్దే దారి వెంట నెలల తరబడి పోరాడి, యుద్ధం ముగిశాక 1945 అక్టోబరులో ఆక్రమణ దళంగా జపానుకు, అందులోనూ క్యూషూ ద్వీపానికి చేరింది. 1946 ఫిబ్రవరిలో అక్కడే రద్దయింది. రైఫిలు తయారైన కొకురా కూడా క్యూషూలోనే ఉంది. జపాను సొంత ద్వీపాల్లో లొంగుబాటు తరువాత అప్పగించిన రైఫిళ్ళ మీద చామంతిని అరగదీయడం సర్వసాధారణంగా జరిగింది. యుద్ధభూమిలో చిక్కినవాటి మీద పువ్వు మామూలుగా అలాగే ఉంటుంది. అరగదీయమన్నది జపాను అధికారులా, అమెరికా వారా అన్నదానిపై సేకర్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఎవరు చెప్పినా, జరిగిన చోటు మాత్రం అదే.

అంటే ఆ ఆకురాయి గీతలు, ధ్రువపత్రం మీది తేదీ, దళం ఉన్న చోటు మూడూ ఒకే కథ చెబుతున్నాయి. రేపు అక్కడ చామంతిని చెక్కిస్తే, ఆ రైఫిలు తన కాగితానికి తానే విరుద్ధ సాక్ష్యం చెబుతుంది. జాగ్రత్తగా చూసే కొనుగోలుదారు, 'పువ్వు ఉన్న రైఫిలుకు ఆక్రమణ కాలపు కాగితం ఎందుకు తోడయింది, ఈ రెండింటినీ ఎవరో జతచేశారా?' అని అడుగుతాడు. అప్పుడు పువ్వుకు వచ్చే అదనపు ధరా ఉండదు, కాగితానికి ఉన్న విలువా ఉండదు.

లూజాన్ కథ విషయంలో కుటుంబం నొచ్చుకోకూడదని నా మనవి. పెద్దాయన లూజాన్‌లో పోరాడిన మాట నిజమే అయి ఉంటుంది, ఆ తరువాత క్యూషూలో ఈ రైఫిలు తీసుకున్న మాటా నిజమే అయి ఉంటుంది. రెండు జ్ఞాపకాలు కాలక్రమంలో ఒకటిగా కలిసిపోవడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. ఆయన సైన్యం నుంచి విడుదలైనప్పటి పత్రం దొరికితే అందులో ఏయే పోరాటాల్లో పాల్గొన్నారో ఉంటుంది. దాన్ని కూడా ఆ కవరులోనే చేర్చండి.

డాలస్_సేకర్త:

కాగితానికీ పువ్వుకూ మధ్య వైరుధ్యం వస్తుందన్న వాదన బలమైనదే, ఒప్పుకుంటాను. అయితే అది ఈ ఒక్క రైఫిలుకు వర్తిస్తుంది. ఇటువంటి ధ్రువపత్రాలు చాలావాటి మీద రైఫిలు నంబరు ఉండదు, 'జపాను రైఫిలు ఒకటి' అని మాత్రమే ఉంటుంది. రవి గారి దాని మీద నంబరు లేకపోతే, ఆ కాగితం ఈ రైఫిలుదేనని ఎలా రుజువు చేస్తారు? కాగితమే లేని వేలాది రైఫిళ్ళ మాటేమిటి? వాటి విషయంలో నా అభిప్రాయం మారదు.

లేతుమిషను_ప్రసాద్:

నేను ముప్పై ఏళ్ళుగా లోహపు పని చేస్తున్నాను కనుక ఆ కోణం నుంచి చెబుతాను. అసలు చామంతి ముద్ర అచ్చుతో కొట్టినది. రేకులన్నీ ఒకే లోతులో, ఒకే వాలులో ఉంటాయి. అరగదీసిన చోట ఉపరితలం చుట్టూ ఉన్నదానికన్నా పల్లంగా ఉంటుంది. ఆ పల్లంలోనే చేత్తో చెక్కితే పువ్వు గుంటలో కూర్చున్నట్లు కనిపిస్తుంది, భూతద్దం అవసరం లేకుండానే బయటపడుతుంది. గుంట పూడ్చడానికి వెల్డింగు చేస్తే అది ఇంకా ప్రమాదకరం. ఆ ముద్ర ఉన్న వలయం లోపలే బోల్టు తాళం పడుతుంది, తూటా పేలినప్పటి ఒత్తిడంతా అక్కడే ఆగుతుంది. యుద్ధం తరువాత అమెరికాలో పి. ఓ. ఆక్లీ అనే తుపాకీ నిపుణుడు రకరకాల సైనిక రైఫిళ్ళను పగిలేదాకా పరీక్షిస్తే అరిసాకా అన్నిటికన్నా ఎక్కువ తట్టుకుంది. ఆ బలం ఆ ఉక్కును కాచి గట్టిపరచిన విధానం నుంచి వచ్చింది. వెల్డింగు వేడి తగిలితే అది పోతుంది. సేకర్త గారూ, కాగితం ఉన్నా లేకపోయినా ఈ మాట మాత్రం మారదు.

కర్రకు మెరుగు పెట్టించడం కూడా వద్దండి. దాని మీదున్నది 'ఉరుషి' అనే చెట్టు జిగురు లక్క. గరుకు కాగితంతో ఒకసారి రుద్దితే అది తిరిగి రాదు. రుద్దేటప్పుడు లేచే ధూళి కొందరికి ఒంటి మీద దద్దుర్లు తెస్తుంది. ఇనుప భాగాలకు పలుచగా నూనె, కర్రకు పొడి గుడ్డ, అంతే చాలు.

పేల్చి చూడాలనుకుంటే ముందు నిపుణుడికి చూపించండి. యుద్ధానంతరం తొంభై తొమ్మిదవ నమూనా రైఫిళ్ళలో చాలావాటి తూటా గదిని అమెరికా .30-06 తూటాకు సరిపోయేలా తొలిచారు. పైకి చూస్తే ఆ తేడా తెలియదు. బడిపిల్లల కవాతు కోసం పోత లోహంతో చేసిన శిక్షణ రైఫిళ్ళు కూడా ఉన్నాయి. వాటి గొట్టం లోపల మెలిగాడులు ఉండవు, అసలు తూటా పెడితే ప్రాణాలకే ముప్పు. రవి గారిది ఆ రకం కాదు, అయినా ఈ దారం చదివే ఇతరుల కోసం రాస్తున్నాను.

న్యూజెర్సీ_వాణి:

ధర మాట పక్కనబెట్టి చట్టం గురించి ఒక మాట. ఇటువంటి రైఫిళ్ళు యాభై ఏళ్ళు దాటినవి కనుక ఫెడరల్ చట్టంలో చారిత్రక వస్తువుల వర్గంలోకి వస్తాయి, కానీ అవి తుపాకులే. ఒక రాష్ట్రంలో మరణించినవారి వీలునామా ద్వారా మరో రాష్ట్రంలోని వారసులకు రావడానికి ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి, అవి విడిగా చూసుకోవాలి. మనవాళ్ళు తరచుగా మరిచిపోయేది మరొకటుంది: హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీని తమ స్వాధీనంలో ఉంచుకోకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. స్నేహితుల ఇంట్లో 'కొన్నాళ్ళు దాచిపెట్టు' అని ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోండి.

తెనాలి_నుంచి_సుధ:

ఒక సందేహం. జపాను సైనికుల సంతకాలున్న జెండాలను అమెరికా కుటుంబాలు తిరిగి జపానుకు పంపుతున్నాయని చదివాను. దీన్ని కూడా అలా పంపితే ధర గొడవే ఉండదు కదా?

శారద_కె:

సుధ గారూ, మంచి ఆలోచనే. కానీ ఆ జెండాల మీద సైనికుడి పేరు, బంధుమిత్రుల సంతకాలు ఉంటాయి కనుక వారసులను వెతకగలుగుతున్నారు. రైఫిలు మీదున్నది కర్మాగారం నంబరు మాత్రమే, దాన్ని మోసినవాడి పేరు అందులో ఉండదు. పైగా జపానులో తుపాకుల చట్టం చాలా కఠినమైనది. పంపవలసి వస్తే విస్కాన్సిన్‌లోనే ఏదైనా మ్యూజియానికి కాగితంతో సహా ఇవ్వడం మేలు.

మిల్వాకీ_రవి:

అందరికీ కృతజ్ఞతలు. ధ్రువపత్రాన్ని మళ్ళీ తీసి చూశాము. రైఫిలు నంబరు లేదు, సేకర్త గారు అన్నది నిజమే. అయితే పెద్దాయన పేరు, ఆయన సైనిక సంఖ్య, దళం పేరు స్పష్టంగా ఉన్నాయి. ఆయన విడుదల పత్రం మా అత్తగారి బీరువాలో దొరికింది, అందులో లూజాన్ పోరాటం నమోదై ఉంది. మా బావమరిది మొదట 'తాతయ్య అబద్ధం చెప్పాడంటారా?' అని కోపగించుకున్నాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి శారద గారు రాసిన తేదీల వరుస చదివి వినిపించాక శాంతించాడు. చెక్కించే మాట విరమించుకున్నాము. బీమా కోసం మాత్రం ధర కట్టించాలి. దానికి ఏమి చూపించాలో చెప్పగలరా?

ఆయుధశాల_చదువరి:

రవి గారూ, అమ్మకందారులు అడిగే ధరలను లెక్కలోకి తీసుకోకండి. ముగిసిన వేలంపాటల్లో నిజంగా పలికిన ధరలనే చూడండి. అందులోనూ కొకురా తొలి శ్రేణులవి, పువ్వు చెరిగినవి, బోల్టు నంబరు కలిసినవి మాత్రమే పోల్చండి. ధర కట్టేవారికి అక్షరాలు, చెరిగిన ముద్ర, నంబరు, బోల్టు, గురి రెక్కలు, మడమ అతుకు విడివిడిగా దగ్గరనుంచి తీసిన ఫొటోలు ఇవ్వండి. రెండు కాగితాల నకళ్ళు మాత్రమే పంపండి, అసలువి ఇంట్లోనే ఉంచండి. బోల్టు విప్పి లోపలి పేలుడు సూది మీద, తూటాను లాగే కొక్కెం మీద కూడా 317 ఉందేమో చూడండి. కొన్ని కర్మాగారాలు ఈ భాగాలకు రైఫిలు నంబరు కాకుండా, వాటిని జతపరచేటప్పుడు వాడే వేరే కూర్పు అంకె వేసేవి, కనుక కలవకపోతే వెంటనే మార్చారని అనుకోవద్దు. ఆ ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.